అర్ధగంట అని రాసిన కార్డు

బేరికాయలు గట్టిగా ఉన్నాయి, కత్తి సగం దాకా దిగి అక్కడే ఇరుక్కుంటోంది, కాయను బల్లకేసి అదిమిపట్టి రెండో చేత్తో కత్తి వీపు మీద నొక్కితే తప్ప రెండు చెక్కలు కావడం లేదు. పండినవి ఇమ్మంటారా అని పళ్ళ దుకాణంవాడు అడిగాడు, వద్దు, శరదృతువు మొదట్లో వచ్చే గట్టివే కావాలి, గోటితో గిచ్చినా గీత పడనివి అన్నాను, పళ్ళు కొత్తగా కట్టించుకున్నారా అమ్మమ్మా అన్నాడు, నేను నవ్వలేదు, అతను నవ్వి రెండు కాయలు ఎక్కువ వేశాడు. తొక్క తీయాలి, గింజల గూడు తొలిచెయ్యాలి, ముక్క బొటనవేలంత మందం ఉండాలి, సన్నగా తరగకండి మేడమ్, అమ్మ లావుగానే కోసేది అని ఆనాటి హాస్టల్ వంటమనిషి కూతురు చెప్పింది, సరే, పరీక్ష అన్నాక అన్నీ అప్పటిలాగే ఉండాలి. లోతైన పళ్ళెం, అడుగున ముక్కలు, వాటి మీద చక్కెర, దాల్చినచెక్క పొడి, అరచెక్క నిమ్మరసం, ఆ పైన పిండీ ఓట్సూ వెన్నా కలిపి నలిపిన పొడి. వెన్న చల్లగా ఉండాలి, వేలికొసలతోనే నలపాలి, అరచెయ్యి తగిలితే కరిగి ముద్దవుతుంది అని స్కూల్లో వంట నేర్పిన సిస్టర్ చెప్పేది, నా అరచేతులు ఎప్పుడూ చల్లనివే, నువ్వు దీనికే పుట్టావు అని క్లాసంతటి ముందూ అన్నది, అన్నదే గాని ఆ తరువాత అరవై ఏళ్ళలో నేను ఈ చేతులతో దేన్నీ కాల్చింది లేదు. ఈ ఓవెన్ మా చెల్లెలి కూతురు కొనిపెట్టింది, ఆరేళ్ళుగా దానిలో పాత ప్రశ్నపత్రాలు ఉంటున్నాయి, నిన్న వాటిని మంచం కిందికి మార్చి లోపల తుడిచాను. ఇంత సులువైన వంటకం మరొకటి లేదని కార్డు చెబుతోంది. కార్డు గోడకు ఆనించి ఉంది, నా అక్షరాలే, ఏ వైపుకూ వాలనివి: పళ్ళ క్రిస్ప్, శరత్కాలపు తీపి, సులభం, అర్ధగంట. హాస్టల్ పిల్లలు దానికి కరకర అని పేరు పెట్టుకున్నారు. మూడు గంటలు కొట్టింది, పళ్ళెం లోపల పెట్టి తలుపు మూశాను, మూడు అని కాగితం మీద రాశాను.

కుర్చీ ఓవెన్‌కు ఎదురుగా వేసుకున్నాను. గాజు వెనక పసుపు దీపం, దాని కింద కదలని పళ్ళెం. క్రితం ఆదివారం ఈ కుర్చీలోనే కూర్చున్నది ఆ కూతురు, నలభై దాటిన మనిషి, నీళ్ళ నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో టెక్నీషియన్, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని దాని పిడి వదలకుండా మాట్లాడింది. మంచినీళ్ళిస్తే గ్లాసు ఎత్తి వెలుగుకు పట్టి చూసి మరీ తాగింది, అలవాటు మేడమ్, ఏమనుకోకండి అన్నది. అనుకోలేదు, చూసి తాగేవాళ్ళంటే నాకు గౌరవం. ఆ హాస్టల్ అగ్నిప్రమాదం రిపోర్టు కింద మూడు సంతకాలున్నాయి మేడమ్, ఇద్దరు పోయారు, మీరున్నారు అన్నది. మా అమ్మ ఇప్పటికీ అదే మాట అంటోంది, గంట పైన పడుతుంది, నేను అక్కడే ఉన్నాను అని. నిద్రలో కూడా అంటోంది. మీరు క్షమాపణ చెప్పాలని నేను రాలేదు. ఒక్కసారి చేసి చూడండి. చూడకుండా రాయడానికి మా ల్యాబ్‌లో అయితే ఒప్పుకోరు. గొంతు పెంచలేదు, కళ్ళు తుడుచుకోలేదు, నా దగ్గర చదువుకున్నదై ఉంటే ముందు బల్ల మీద కూర్చోబెట్టేదాన్ని. వచ్చే ఆదివారం నాలుగింటికి రా, చేసి చూసి ఉంటాను, అన్నాను. తీరా ఆమె మెట్లు దిగుతుంటే, వాళ్ళమ్మకు చూపు పోయి రెండేళ్ళయిందని, ఆ మాట కూడా నేను అడిగితే గాని చెప్పలేదని గమనించాను.

వాళ్ళమ్మను హాస్టల్ పిల్లలందరూ పిన్ని అనేవారు. నేను అనలేదు. కమిటీ సెక్రటరీని, ఎదురుగా ఉన్న కాలేజీలో జ్యామితి చెప్పేదాన్ని, నాకు ఆమె వంటమనిషి, రిపోర్టులోనూ అలాగే రాశాను. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు అరవై మంది, ఆదివారం సాయంకాలం తీపి ఉండాలని నేనే తీర్మానం పెట్టించాను, నా స్కూలు నోటుబుక్కులోంచి పన్నెండు కార్డులు రాసి వంటింటి గోడకు తగిలించాను, ఆమెకు చదవడం రాదు, ఎవరో పిల్ల చదివి వినిపిస్తే గుర్తు పెట్టుకుని తన పద్ధతిలో చేసుకునేది. ఆ ఆదివారం నాలుగూ పదికి దుప్పట్ల గదిలోంచి పొగ వచ్చింది. వంటింటిని ఆనుకున్న గది, వంటింట్లోంచి తప్ప దానికి దారి లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దుప్పట్లూ పైకప్పూ పోయాయి, బూడిదలో ఇస్త్రీ పెట్టె దొరికింది, ప్లగ్గు గోడకే ఉంది. ఎవరు వాడారు. వంటమనిషి చెప్పింది: మూడింటికి పళ్ళెం పెట్టాను, అప్పటి నుంచీ ఓవెన్ ముందు నుంచి కదల్లేదు, మూడున్నరకి సూపరింటెండెంటమ్మ చేతిలో జాకెట్టు పట్టుకుని ఇటుగా లోపలికి వెళ్ళింది, కాసేపటికి తిరిగి వచ్చింది, ఇంకెవరూ వెళ్ళలేదు. సూపరింటెండెంటు నా స్కూలు స్నేహితురాలు, ఒకే బల్ల, ఆ ఉద్యోగం ఆమెకు నేనే ఇప్పించాను, దీన్ని నేను దాచలేదు, దాచవలసిన విషయమని నాకు తోచనే లేదు, అదే ఇప్పుడు కొంచెం వింతగా ఉంది.

ఇరవై నిమిషాలు. పొడి ఇంకా తెల్లగానే ఉంది. వీధిలో చీపురు శబ్దం, ఆకులు పోగుచేసి కుప్పపెడుతున్నారు, గాలి మళ్ళీ వాటిని చెదరగొడుతోంది, ఊడ్చే మనిషి దేన్నో తిడుతోంది, గాలినో ఆకుల్నో తన భాగ్యాన్నో ఇంత ఎత్తుకు వినపడదు. విచారణ రోజు కూడా బయట ఎవరో ఊడుస్తూనే ఉన్నారు. నేను నా సంచిలోంచి కార్డు తీశాను. అంత నిదానంగా తీయడం నాకు గుర్తుంది, తరగతిలో సుద్దముక్క తీసినట్టు. దత్తాంశం: ఈ వంటకం అర్ధగంటలో కాలుతుంది. నాలుగూ పదికి అందరూ పరుగెత్తుకొచ్చినప్పుడు ఓవెన్‌లో పళ్ళెం సరిగ్గా కాలి ఉంది, మాడలేదు, దాన్ని నేనే కళ్ళారా చూశాను. మూడింటికి పెట్టి ఉంటే అది బొగ్గయ్యేది. బొగ్గు కాలేదు గనుక మూడూ నలభైకి పెట్టి ఉండాలి. అంటే మూడూ నలభైకి ముందు ఆమె ఓవెన్ దగ్గర లేదు. లేని మనిషి మూడున్నరకి ఎవరినీ చూడలేదు. కాబట్టి సాక్ష్యం కల్పితం. మెట్టు మీద మెట్టు, ఎక్కడా పగులు లేదు, పక్కనున్న ఇద్దరు పెద్దమనుషులూ తలలూపారు, ఒకాయన నోట్లోనే శభాష్ అన్నాడు. ఆమె మాత్రం కార్డు వంక చూసి, కాయలు గట్టివమ్మా, అర్ధగంటకి రాళ్ళలా ఉంటాయి, అంచుల్లో రసం బుడబుడమనే దాకా నేను కదల్ను అన్నది. కార్డులో అర్ధగంట అని ఉంది అన్నాను. కార్డు కాల్చలేదు కదమ్మా, కాల్చింది నేను, అన్నది. మేం ముగ్గురం నవ్వాం. పని వదిలి వెళ్ళడం, అబద్ధపు సాక్ష్యం, రెండు నేరాలు. రెండోది కాగితం మీద ఉన్నంత కాలం ఏ వంటింట్లోనూ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వరని నాకు తెలుసు, తెలిసే రాశాను, అబద్ధమంటే నాకు అసహ్యం. తరువాత ఏదో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై ఏళ్ళు గిన్నెలు తోమిందట. పక్కనే వేరేవాళ్ళు కూర మాడుస్తుంటే చెప్పేదట, ఎవరూ వినేవారు కారట.

మూడున్నర. తలుపు తెరిచి ఫోర్కుతో పొడిచాను. దిగలేదు. మరోచోట పొడిచాను, ముక్క పక్కకు జరిగింది గాని ఫోర్కు దిగలేదు. తలుపు మూసి, మూడున్నర, పచ్చి, అని రాశాను. వెంటనే మనసు న్యాయవాదిలా లేచి నిలబడింది, ఈ ఓవెన్ చిన్నది, వేడి చాలదు, ప్రశ్నపత్రాలు పెట్టి పాడుచేశావు. నిన్ననే థర్మామీటరు పెట్టి చూసి ఉన్నాను, వేడి సరిగ్గానే ఉంది, ఆ అభ్యంతరం కొట్టివేశాను. కాయలు మరీ గట్టివి. గట్టివే కావాలని కూతురు చెప్పింది, ఆ రోజూ గట్టివే. ముక్క లావు. అప్పుడూ లావే. మరి సిస్టర్ క్లాసులో అర్ధగంటకి ఎలా అయ్యేది, అయ్యేది, నేను తిన్నాను, మెత్తగా, చెంచా ఆనగానే విడిపోయేది, బుధవారం రెండో పీరియడు, నలభై నిమిషాలు, గంట కొట్టగానే లోపలికి వెళ్ళేవాళ్ళం, గంట కొట్టేసరికి తినేసి బయటికి వచ్చేవాళ్ళం, నేను లీడర్ని కాబట్టి పళ్ళ గిన్నె పక్కగదిలోంచి తేవడం నా పని, తెల్లటి ఎనామెల్ గిన్నె, నీలం అంచు, పైన గుడ్డ కప్పి ఉండేది. గుడ్డ తడిగా ఉండేది. ఆగాను. గుడ్డ ఎందుకు తడిగా ఉండేది. గిన్నె రెండు చేతులతో పట్టుకుని పొట్టకు ఆనించుకుని తెచ్చేదాన్ని, వెచ్చగా ఉండేది, చలికాలంలో అందుకే నాకా పని ఇష్టం, దారిలో కావాలని నెమ్మదిగా నడిచేదాన్ని. ఆ గిన్నె వెచ్చగా ఉండేది.

ఉడికించి ఉంచేవారు. ఎవరో పొద్దున్నే, మేము ప్రార్థనలో ఉండగా, బేరికాయలు కోసి ఉడికించి గుడ్డ కప్పి పక్కగదిలో పెట్టి వెళ్ళేవారు. ఎవరు. వంటింటి వెనక గుమ్మంలో ఒక ఆడమనిషి ఉండేది, నెత్తికి గుడ్డ కట్టుకుని, మేము దాటుతుంటే గోడకు ఒదిగి నిలబడేది, మొహం గుర్తు లేదు, మొహం వంక చూడవలసిన అవసరం ఎప్పుడు కలిగిందని. సిస్టర్ చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకున్నాం: ఒకటి, పళ్ళను పళ్ళెంలో పరచవలెను. మొదటి వాక్యమే అది. అంతకు ముందు జరిగిన పని మా పీరియడులోది కాదు కనుక మా పుస్తకంలోకి రాలేదు. ఆ పుస్తకం నుంచి కార్డు, కార్డు నుంచి దత్తాంశం, దత్తాంశం నుంచి తీర్పు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చెప్పాను, దత్తాంశం తప్పయితే ఉపపత్తి ఎంత అందంగా ఉన్నా సున్నా మార్కులు అని. ఒక పిల్ల ఏడ్చింది కూడా, అంతా సరిగ్గానే చేశాను కదా మేడమ్ అని. చేశావు, సున్నా, అన్నాను.

మూడూ నలభై. లేచి ఫోన్ తీసుకుని సూపరింటెండెంటుకు చేశాను. ఇంకా ఈ ఊళ్ళోనే ఉంది, కొడుకూ కోడలూ పై అంతస్తులో, మేము నెలకోసారి మాట్లాడుకుంటాం.

"ఏమే, ఈ వేళప్పుడు ఫోనేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"బేరికాయలు కాలుస్తున్నాను."

"నువ్వా? ఫైరింజన్‌కి ముందే చెప్పి పెట్టుకున్నావా లేదా?" అని నవ్వింది, నవ్వి దగ్గింది. వెనక టీవీలో ఎవరో వాతావరణం చెబుతున్నారు.

"ఆ ఆదివారం దుప్పట్ల గదిలోకి వెళ్ళావా నువ్వు?"

"ఏ ఆదివారం?"

నేను జవాబు చెప్పలేదు. తరగతిలో కూడా నా పద్ధతి అదే, జవాబు తెలిసినవాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తే ఊరుకోవడం. టీవీ శబ్దం ఆగింది.

"ముప్ఫై ఏళ్ళు దాటిందే. ఇప్పుడవన్నీ దేనికి తవ్వుతావ్?"

"వెళ్ళావా, లేదా?"

"వెళ్ళాను. జాకెట్టు ఇస్త్రీ చేసుకుని వచ్చేశాను. ఆపాననే అనుకున్నా. ఒట్టు, ఆపాననే అనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవరు అడిగారు?" ఆమె గొంతులో కోపం లేదు, చాలాకాలంగా సిద్ధంగా ఉంచుకున్న మాటలా ఉంది. "ఒక్క ప్రశ్న వేశారా మీరు నన్ను? ఆ కార్డు తీసి నువ్వే పాఠం చెప్పేశావ్, వాళ్ళిద్దరూ సంతకం పెట్టేశారు. అడిగితే చెప్పేదాన్నేమో. చెప్పేదాన్ని కాదేమో. ఏమో. నువ్వు మాత్రం అడగలేదు కదా."

"అడగలేదు," అన్నాను. "ఇవాళ ఒక కాగితం రాస్తున్నాను. నీ సంగతి కూడా అందులో ఉంటుంది."

"నా మనవరాలి పెళ్ళిచూపులే వచ్చే వారం."

"తెలుసు."

"నువ్వు మనిషివి కాదే, స్కేలు బద్దవి," అని పెట్టేసింది. చిన్నప్పుడు కూడా ఆ మాటే అనేది, అప్పుడు పక్కన కూర్చుని భుజానికి భుజం ఆనించి అనేది.

కాగితం తీశాను, గీతలు లేనిది, గీతలు లేకుండా వంకర పోకుండా రాయడం మాకు బెత్తంతో నేర్పారు. అడగలేదు. ఇది కార్డు తప్పు కాదు, సిస్టర్ తప్పు కాదు, పొద్దున్నే పళ్ళు ఉడికించి వెళ్ళిన మనిషి తప్పు అసలే కాదు. కార్డు తప్పయినా, నా స్నేహితురాలిని లేచి నిలబడమని, నువ్వు వెళ్ళావా అని అడిగి ఉంటే చాలు. ఒక్క వాక్యం. ఎందుకు అడగలేదో నాకు తెలుసు, కార్డు అంత అందంగా సరిపోయింది, ఇక అడగవలసిన పని లేదనిపించింది, ఆ అనిపించడంలో ఎంత భాగం జ్యామితి, ఎంత భాగం ఒకే బల్ల మీది స్నేహం, విడదీసి తూచే త్రాసు నా దగ్గర లేదు. పొరపాటు అని రాయవచ్చు. పొరపాటు అంటే కాలు జారడం, ఎవరి కాలైనా జారుతుంది. ఆ మాట కొట్టేశాను, కొట్టేసిన కాగితం ఇవ్వకూడదు కనుక మరో కాగితం తీశాను. తప్పు అని రాశాను. క్షమించమని రాయలేదు, అది అడగడమంటే ఆమె మీద మరో పని వేయడం, ఆమె చాలా పని చేసింది. ఐదు వాక్యాలు అయ్యాయి. కింద సంతకం, తేదీ. నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది, పళ్ళెంలో పొడి రంగు తిరుగుతోంది, ఒక మూల మాత్రం రసం మెరిసింది, ఫోర్కు సగం దిగింది. మూడూ యాభై ఐదు, సగం, అని రాశాను. ఈపాటికి బొగ్గయి ఉండవలసినది.

బెల్లు సరిగ్గా నాలుగింటికి మోగింది. కూతురు లోపలికి వచ్చి ముందు ఓవెన్ వంక చూసింది, తరువాత నా కాగితం మీది సమయాల వంక, తరువాత గాని నా మొహం వంక చూడలేదు.

"మీ అమ్మగారిని తీసుకురాలేదా?"

"తెచ్చాను మేడమ్. కింద కార్లో ఉంది. మెట్లెక్కలేదు. ఎక్కగలిగినా ఎక్కనంది."

"మంచిది," అన్నాను. "నువ్వు ఈ కుర్చీలో కూర్చో. అంచుల చుట్టూ రసం పొంగినప్పుడు తియ్యి, తీసి ఆ సమయం ఇక్కడ రాయి. అందాజాగా కాదు, గడియారం చూసి."

"మీరెక్కడికి?"

"కిందికి."

"మూడంతస్తులు మేడమ్, మీ మోకాలు..."

"నా మోకాలి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఓవెన్ చూడు."

మెట్టుకో కాలు కాక రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీద పెట్టి దిగాలి, గోడను పట్టుకోవాలి, చేతిలో కాగితం నలగకూడదు. రెండో అంతస్తులో ఎవరిదో రేడియో, మొదటి అంతస్తులో చెప్పుల వరస, కింద వాచ్‌మన్ లేచి తన స్టూలు ఇవ్వబోయాడు, వద్దన్నాను. బయట ఎండ పలచగా ఉంది. చిన్న బూడిదరంగు కారు, వెనక సీటులో ఆమె, కిటికీ అద్దం సగం దించి ఉంది, ఒళ్ళో చేతులు ఒకదాని మీద ఒకటి, వేళ్ళ కణుపులు తోముడు పొడికి అరిగి మెరుస్తున్నాయి. కళ్ళు తెల్లగా నా వైపుకు తిరిగాయి.

"ఎవరూ?"

"నేను. హాస్టల్ కమిటీ సెక్రటరీని."

"గొంతు గుర్తే," అన్నది. కూర్చోమనలేదు, తలుపు తెరవలేదు.

కాగితం చదవడం మొదలుపెట్టాను. మూడు గంటలకు ఓవెన్‌లో పెట్టిన గట్టి బేరికాయల పళ్ళెం అర్ధగంటకి పచ్చిగానే ఉంటుందని ఈ రోజు నేను స్వయంగా చేసి చూశాను. ఆ ఆదివారం ఈమె మూడు గంటల నుంచి ఓవెన్ దగ్గరే ఉన్నదనీ, సూపరింటెండెంటు అటుగా వెళ్ళినదనీ ఈమె చెప్పిన సాక్ష్యం నిజం, వెళ్ళినట్టు సూపరింటెండెంటు నాతో ఒప్పుకున్నది. అర్ధగంట అని తప్పు రాసినది నేను. అడగవలసిన ప్రశ్న నా స్నేహితురాలిని అడగకుండా ఈమెను అబద్ధాలకోరని రాసినది నేను. ఆ రిపోర్టులో ఈమెను గురించిన ప్రతి మాటనూ రద్దు చేస్తున్నాను. చదివి కాగితం మడిచాను. ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. ఊడ్చే మనిషి కుప్ప పక్కన చీపురు మీద ఆనుకుని మా వంక చూస్తోంది, వాచ్‌మన్ గేటు దగ్గరికి వచ్చాడు, పాలు పోసేవాడు సైకిలు ఆపి ఒక కాలు నేలకు ఆనించాడు.

"ఈ చెవి సరిగా వినపడదు నాకు," అన్నది ఆమె. "కాస్త గట్టిగా చదవండి."

నేను రెండో వైపుకు వెళ్ళబోయాను. ఇక్కడి నుంచే చదవండి, అన్నది. రోడ్డుకు వినపడే వైపు అదే. మొదటిసారే ఆమెకు ప్రతి మాటా వినపడింది, అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మడత విప్పాను. వెనక బెంచీ దాకా వినపడేలా చదవడం నాకు చేతనైన పనే. గొంతు సవరించుకుని, మూడు గంటలకు, అని మళ్ళీ మొదలుపెట్టాను.